నూటికి ఎన్ని పైసలు?

మన దగ్గర అప్పులిచ్చేవాళ్లు శాతాల్లో మాట్లాడరు. "నూటికి రూపాయిన్నర", "రెండు రూపాయల వడ్డీ" అంటారు. అంటే నూరు రూపాయలకు నెలకు ఇంత అని. ప్రొద్దుటూరు అంగట్లో చేబదులు తీసుకున్నా, జమ్మలమడుగు పక్క పల్లెలో ప్రోనోటు రాసినా, పులివెందులలో చీనీ తోటకు పెట్టుబడి తెచ్చుకున్నా ఇదే లెక్క. బడి మొహం చూడని అవ్వ కూడా రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి ఇరవై నాలుగు వేలు కట్టాలని కాగితం లేకుండా చెప్పేస్తుంది. ఇంత మంచి లెక్క ఇంట్లో పెట్టుకుని, షేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అడిగే ప్రశ్న ఇంకోటి. "మామా, మార్కెట్ సెంటిమెంట్ ఎట్లుండాది?"

ఈ ప్రశ్నకు హాస్టల్లో జవాబులకు కరువు లేదు. యూట్యూబ్‌లో ఒకాయన ఇంకా పెరుగుతాదంటాడు, టెలిగ్రామ్‌లో ఇంకొకాయన రేపే కుప్పకూలుతాదంటాడు. థంబ్‌నెయిల్‌లో మాత్రం ఇద్దరూ నోరు తెరుచుకునే ఉంటారు. అన్నట్టు తెలుగులో సెంటిమెంట్ అనే మాటకు ఇదివరకే రెండర్థాలున్నాయి. ఒకటి సినిమాలో అమ్మ సెంటిమెంట్, రెండోది పిల్లి ఎదురొస్తే బండి ఆపే సెంటిమెంట్. మార్కెట్ సెంటిమెంట్ కూడా ఈ రెండో జాతిదే అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. షేర్లు ఖరీదుగా ఉన్నాయా లేదా అన్నది ఒక ప్రశ్న. జనం హుషారుగా ఉన్నారా, భయంగా ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి లెక్క ఉంది, కొంచెం కష్టపడితే మనలాంటివాళ్లు కూడా వేయగలరు. రెండోది తెలిసినా దానితో చేయగలిగింది చాలా తక్కువ. మనం మొదటిదాన్ని పక్కన పడేసి రెండోదాని వెంట పరిగెడుతున్నాం. అదీ ఊరికే కాదు, ఆప్షన్లు కొని మరీ.

దీని ఖరీదు ఎంతో సెబీ 2024 సెప్టెంబరులో లెక్క కట్టి చెప్పింది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడ్ చేసిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. మనిషికి సగటున రెండు లక్షల దరిదాపుల్లో. ఇంజనీరింగ్ చదువుకని ఇంట్లో చేసే అప్పు ఏ స్థాయిలో ఉంటుందో ఈ మ్యాగజైన్ చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ నివేదికలోనే ఇంకో రెండు అంకెలున్నాయి, నన్ను ఆపింది అవి. ముప్పై ఏళ్లలోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 నుంచి 43 శాతానికి పెరిగింది. ట్రేడ్ చేసినవాళ్లలో 72 శాతం మంది దేశంలోని 30 పెద్ద నగరాల బయటివాళ్లు. అంటే బొంబాయివాళ్లో బెంగళూరువాళ్లో కారు. మన లాంటి ఊళ్లు, మన లాంటి వయసు.

సరే, లెక్కకు వద్దాం. ఒక షేరు ధర వెయ్యి రూపాయలు అనుకోండి. ఆ కంపెనీ ఏడాదికి షేరుకు యాభై రూపాయలు లాభం సంపాదిస్తోంది. ధరను లాభంతో భాగిస్తే 20. దీన్నే పీఈ అంటారు. టీవీలో "ఇరవై పీఈ దగ్గర ట్రేడ్ అవుతోంది" అంటే ఇదే. కానీ ఇరవై అనే అంకె మన బుర్రకు ఏమీ చెప్పదు. దాన్ని తిరగేయండి. వెయ్యికి యాభై అంటే నూటికి ఏడాదికి ఐదు, నెలకు దాదాపు 42 పైసలు. ఇప్పుడు అర్థమైంది కదా. నూటికి 42 పైసల వడ్డీకి మీరు మీ డబ్బు ఇస్తున్నారు. ఇంకా సులువు దారి కావాలంటే 833ను పీఈతో భాగించండి, పైసలు వచ్చేస్తాయి. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏడు శాతం ఇస్తే అది నూటికి 58 పైసలు. మన ప్రోనోటు వడ్డీ రెండు రూపాయలంటే అది నాలుగు పీఈ షేరుతో సమానం. అంత చవగ్గా మంచి కంపెనీ దొరకదు. ప్రోనోటు డబ్బు తిరిగిరాదనే భయం కూడా ఆ రెండు రూపాయల్లో కలిసి ఉంది కాబట్టే అంత వడ్డీ.

మరి బ్యాంకు 58 పైసలు ఇస్తుంటే, 42 పైసల షేరు ఎవడైనా ఎందుకు కొనాలి? ఎందుకంటే బ్యాంకు వడ్డీ పెరగదు, కంపెనీ లాభం పెరగొచ్చు. ఏడాదికి పన్నెండు శాతం చొప్పున పెరిగితే ఆరేళ్లలో లాభం రెట్టింపై, మీరు పెట్టిన అదే నూటికి 84 పైసలు సంపాదిస్తుంది. లాభమంతా మీ చేతికి రాదు, కంపెనీ చాలా భాగం తన దగ్గరే ఉంచుకుంటుంది, అది నిజం. అయినా ఆ డబ్బు మీ వంతుదే. కాబట్టి షేరు కొనడమంటే ఇవాళ తక్కువ వడ్డీకి ఒప్పుకుని రేపటి పెరుగుదలను కొనడం.

ఇక్కడే "ఖరీదు" అన్న మాటకు అర్థం వస్తుంది. నూరు పీఈ ఉన్న షేరు నూటికి 8 పైసలు ఇస్తుంది. అది బ్యాంకు ఇచ్చే 58 పైసలను అందుకోవాలంటే లాభం ఏడు రెట్లు కావాలి. ఏడాదికి పన్నెండు శాతం పెరిగితే పదిహేడేళ్లు పడుతుంది. పాతిక శాతం పెరిగినా తొమ్మిదేళ్లు. అంటే ఆ షేరు కొంటున్నవాడు తెలిసో తెలియకో ఒక పందెం కాస్తున్నాడు. ఈ కంపెనీ లాభం తొమ్మిదేళ్లపాటు ఒక్క ఏడాది తడబడకుండా పాతిక శాతం పెరుగుతుందని. పెరుగుతుందేమో, అలాంటి కంపెనీలు లేకపోలేదు. కానీ ఈ ప్రశ్నను కంపెనీ వార్షిక నివేదిక ముందు పెట్టుకుని చర్చించవచ్చు. "సెంటిమెంట్ ఎట్లుండాది" అనే ప్రశ్నను అలా చర్చించలేం.

మొత్తం మార్కెట్‌ను కూడా ఈ పైసల్లోకి దించి చూడొచ్చు. 2008 జనవరిలో సెన్సెక్స్ మొదటిసారి 21 వేలు దాటినప్పుడు నిఫ్టీ పీఈ 28 దగ్గర ఉంది, అంటే నూటికి 30 పైసలు. అదే ఏడాది అక్టోబరుకి సెన్సెక్స్ ఎనిమిదిన్నర వేలకు పడింది. 2020 మార్చి 23న, లాక్‌డౌన్ భయంతో సెన్సెక్స్ ఒక్క రోజులో 3,900 పాయింట్లకు పైగా పడినప్పుడు పీఈ 17 దగ్గర, అంటే 49 పైసలు. అప్పటి బ్యాంకు వడ్డీకి ఇంచుమించు సమానం, పైగా పెరిగే అవకాశం ఉచితం. 2024 సెప్టెంబరు చివర నిఫ్టీ 26 వేలు దాటిన రోజుల్లో పీఈ 24 దగ్గర, 35 పైసలు. ఆ తర్వాత 2025 మార్చికి నిఫ్టీ 22 వేల దగ్గరికి జారింది.

ఇంతవరకు చదివి "అయితే 30 పైసలకు దిగితే అమ్మేయాలి, 49కి వస్తే కొనేయాలి, అంతేనా బ్రో" అనుకుంటున్నవాళ్లకు ఒక చేదు వార్త. 2020 ఆగస్టులో నిఫ్టీ 11 వేల పైన ఉన్నప్పుడు పీఈ 30 దాటింది. 2008 లెక్క నమ్మినవాడు అప్పుడు అన్నీ అమ్మేసి కూర్చుని ఉంటాడు. 2021 ఫిబ్రవరికి పీఈ 42 అయింది, అంటే నూటికి 20 పైసలు, కనీవినీ ఎరగనంత ఖరీదు. అక్కడి నుంచి కూడా మార్కెట్ పెరుగుతూనే పోయింది. లెక్క ఎక్కడ చెడింది? భాగహారంలో కింద ఉన్న అంకె దగ్గర. లాక్‌డౌన్‌లో కంపెనీల లాభాలు అడుగంటాయి. ధర మామూలుగానే ఉన్నా, కింద లాభం తాత్కాలికంగా చిన్నదైతే పీఈ ఆకాశానికి పోతుంది. దీనికి తోడు 2021 మార్చి 31 దాకా ఎన్ఎస్ఈ ఒక్క మాతృ కంపెనీ లాభాలతోనే నిఫ్టీ పీఈ కట్టేది, ఆ తర్వాత అనుబంధ కంపెనీల లాభాలూ కలిపి కడుతోంది. అలా మార్చగానే 40 పైన ఉన్న అంకె 33 దగ్గరికి వచ్చేసింది. మార్కెట్‌లో ఏమీ మారలేదు, కొలబద్ద మారింది. పాత పీఈని కొత్త పీఈతో పోల్చి గ్రాఫులు గీసే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. ల్యాబ్‌లో పరికరం మార్చి పాత రీడింగులతో కలిపి గీస్తే మనకు ఎన్ని మార్కులు వేస్తారో ఆలోచించండి.

కింది అంకె మోసం చేసే దారి ఇంకోటి ఉంది. దాన్ని పులివెందుల చీనీ తోటలు బాగా చెబుతాయి. కాయ చెట్టు మీద ఉండగానే వ్యాపారి వస్తాడు. తోటంతా తిరిగి చూసి ఇన్ని టన్నులు పడుతుందని అంచనా కట్టి బేరం చేస్తాడు. అతను రేటు కట్టేది ఈ కాపుకే, తోటకు కాదు. ఈ ఏడాది టన్ను రేటు బాగా పలికిందనుకోండి. ఆ ఆదాయాన్నే ఏటా వస్తుందనుకుని తోట కొనేవాడికి ఎకరా ఎంత చెప్పినా చవగ్గానే కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత రేటు పడిపోతే అప్పుడు తెలుస్తుంది. అరటి కూడా అంతే. రేటు ఉందని అందరూ వేస్తారు, అందరూ వేశారు కాబట్టి రేటు ఉండదు.

సిమెంటు, ఉక్కు కంపెనీలు అచ్చం చీనీ తోటలే. బస్తా రేటు బాగున్న ఏడాది లాభం ఉబ్బి పీఈ చిన్నదవుతుంది, షేరు చవకలా కనిపిస్తుంది. నిజానికి అదే ప్రమాదకరమైన సమయం. అందుకే అమెరికాలో జాన్ క్యాంప్‌బెల్‌తో కలిసి రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్త ఒక్క ఏడాది లాభం కాకుండా పదేళ్ల లాభాల సగటు తీసుకుని ధరను దానితో భాగించే పద్ధతి తెచ్చాడు. షిల్లర్‌కు 2013లో నోబెల్ కూడా వచ్చింది. పులివెందుల రైతుకు ఈ పద్ధతి కొత్తేం కాదు. తోట కొనేటప్పుడు "మంచి ఏడు, చెడ్డ ఏడు కలిపి ఎంతొస్తుంది" అని అడగని పెద్దమనిషి ఉంటాడా?

మూడో దారి అన్నిటికంటే ఘోరం. లాభమే అబద్ధం కావడం. మన తెలుగువాళ్లకు ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన లేఖలో ఒప్పుకున్నది ఇదే. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. ఆ ఒక్క రోజే షేరు ముప్పావు వంతుకు పైగా పడింది. ముందు రోజు దాకా ఎవరైనా పీఈ కట్టి ఉంటే చవగ్గానే కనిపించి ఉండేది. కాబట్టి నూటికి ఎన్ని పైసలు అని అడిగే ముందు ఆ పైసలు నిజంగా వస్తున్నాయా అని అడగాలి. లాభం ఎంత చూపించారో, అందులో చేతికి నగదుగా ఎంత వచ్చిందో వార్షిక నివేదికలో పక్కపక్కనే ఉంటాయి. ఏళ్ల తరబడి రెండూ కలవకపోతే అక్కడ ఆగిపోవడమే. సత్యంలో ఆ నగదు కాగితాలే దొంగవి కాబట్టి అదీ పట్టించేది కాదేమో. అన్ని దొంగతనాలకూ తాళం లేదు.

లాభాన్ని నమ్మలేకపోతే ఆస్తిని చూద్దాం అనేవాళ్లున్నారు. ఎర్రగుంట్ల దాటి పోయేటప్పుడు కనిపించే సిమెంటు ఫ్యాక్టరీని ఈ రోజు కొత్తగా కట్టాలంటే ఎంతవుతుంది, షేర్ల మొత్తం విలువ అంతకంటే తక్కువుందా ఎక్కువుందా అని. ఇది మంచి ప్రశ్నే. 2024 జూన్‌లో అంబుజా, మన పొరుగున తాడిపత్రి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను అప్పులతో సహా 10,422 కోట్లకు విలువ కట్టి కొంటున్నట్టు ప్రకటించింది. సామర్థ్యం ఏడాదికి 1.4 కోట్ల టన్నులు, అందులో కొంత ఇంకా కడుతున్నది. టన్నుకు దాదాపు 7,400 రూపాయలు. ఇలాంటి అంకెతో వేరే సిమెంటు కంపెనీల ధరను పోల్చి చూడొచ్చు.

కానీ ఇదే వాదన 1992లో ఏం చేసిందో కూడా గుర్తుండాలి. హర్షద్ మెహతా ఏసీసీ సిమెంట్ షేరును రెండు వందల దగ్గర నుంచి తొమ్మిది వేల దాకా లేపినప్పుడు చెప్పిన సిద్ధాంతం ఇదే. ఇలాంటి ఫ్యాక్టరీలు మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో చూడండి అని. లేపింది బ్యాంకుల సొమ్ముతో, సమర్థించింది ఈ లెక్కతో. కట్టే ఖర్చుకు పైన ధర పలికితే ఏమవుతుంది? అందరూ కొత్త ఫ్యాక్టరీలు కడతారు. సున్నపురాయి దొరికే మన నేలలో ఒకదాని తర్వాత ఒకటి ఎన్ని పొగగొట్టాలు లేచాయో చూడండి. దక్షిణాదిలో సిమెంటు సామర్థ్యం వాడకాన్ని మించిపోయి, కంపెనీలు ఏళ్లుగా రేటు కోసం తన్నుకుంటున్నాయి. కట్టే ఖర్చు ధరకు ఒక పైకప్పు లాంటిది. దాన్నే మెట్టు అనుకుని పైకెక్కితే పడటమే.

ఇంకో కొలత మీ వాట్సాప్‌కు వచ్చే ఉంటుంది. దేశంలోని షేర్ల మొత్తం విలువను దేశ జీడీపీతో పోల్చడం, వారెన్ బఫెట్ పేరుతో తిరుగుతుంటుంది. 2024 ఏప్రిల్‌లో బీఎస్ఈ కంపెనీల విలువ 400 లక్షల కోట్లు దాటింది, జీడీపీ 300 లక్షల కోట్ల దగ్గర ఉంది. కాబట్టి మార్కెట్ ఖరీదైపోయింది అంటారు. నాకు దీని మీద పెద్ద గురి లేదు. కమలాపురం దగ్గర భారతి సిమెంట్ ఉంది. సగానికి పైగా వాటా ఫ్రాన్స్‌కు చెందిన వికా కంపెనీది, ఇక్కడి ఎక్స్ఛేంజీల్లో దాని షేరు లేదు. అది తయారుచేసే ప్రతి బస్తా జీడీపీలో ఉంది, షేర్ల విలువలో లేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, పులివెందుల తోటలు, జమ్మలమడుగు మగ్గాలు కూడా అంతే. రేపు ఇలాంటి కంపెనీలు పది లిస్ట్ అయితే ఎవరికీ ఏ ఖరీదూ పెరగకుండానే ఈ నిష్పత్తి పెరిగిపోతుంది.

ఇక సెంటిమెంట్. దీన్ని కొలవలేరని నేను అనడం లేదు. ఆప్షన్ల ధరల నుంచి తీసే ఇండియా విక్స్ ఉంది, 2020 మార్చిలో అది 80 దాటింది, భయం అంటే ఏమిటో చూపించింది. కొత్త డీమ్యాట్ ఖాతాలున్నాయి. 2020 మార్చిలో దేశం మొత్తం నాలుగు కోట్లుంటే నాలుగేళ్లలో 15 కోట్లయ్యాయి. వీటన్నిటికంటే నాకు నచ్చిన థర్మామీటర్ ఐపీఓ. 2024 ఆగస్టులో రిసోర్స్‌ఫుల్ ఆటోమొబైల్ అనే ఢిల్లీ కంపెనీ 12 కోట్ల కోసం షేర్లు అమ్మకానికి పెట్టింది. ఉన్నవి రెండు యమహా షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులు. వచ్చిన దరఖాస్తుల విలువ సుమారు 4,800 కోట్లు. ఆ రోజు మార్కెట్ సెంటిమెంట్ ఎలా ఉందో చెప్పడానికి ఏ నిపుణుడూ అక్కరలేదు. షేరు 117కు ఇచ్చారు, 117కే లిస్ట్ అయింది. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ ఐపీఓ కూడా ఇలాంటిదే. ఒక్క ప్లాంటూ ఇంకా నడవని కంపెనీకి 73 రెట్లు దరఖాస్తులు. 450కి ఇచ్చిన షేరు మొదటి రోజే 372 దగ్గర ముగిసింది.

జరగని దానికి ముందే ధర కట్టడం మనకు కొత్తా? జమ్మలమడుగు ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో రాజశేఖరరెడ్డి, 2018లో చంద్రబాబు, 2019లో జగన్‌మోహన్‌రెడ్డి, మళ్లీ 2023లో జేఎస్‌డబ్ల్యూ వాళ్లతో కలిసి ఆయనే రాళ్లు వేశారు. ఆ పదహారేళ్లలో పేర్లు మారాయి, స్థలాలు మారాయి, ఒక్క టన్ను ఉక్కు బయటికి రాలేదు. కానీ రాయి పడిన ప్రతిసారీ చుట్టుపక్కల ప్లాట్ల మాటలు మొదలయ్యాయి. ఆశ అబద్ధం కాదు, మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయని నమ్మినవాళ్ల నమ్మకం నిజమైనదే. రాజకీయం ఎవరిదైనా కానీ, నేను చెప్పేది ధర గురించి. అక్కడ స్థలం కొన్నవాడు కొన్నది నేలను కాదు, ఇంకా కట్టని ఫ్యాక్టరీని. దాని మీద నూటికి ఎన్ని పైసలు వచ్చిందని అడిగితే జవాబు సున్నా. నాలుగో రాయి నాటి హుషారు మొదటి రాయి నాటి హుషారు లాగే ఉంది. హుషారును ఎంత బాగా కొలిచినా ఉక్కు వస్తుందో రాదో అది చెప్పలేదు.

అయితే ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం లేదా? ఉంది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అంచున ఒక బండ ఉందనుకోండి. ఎంత ఎత్తున ఉంది అన్నదాన్ని బట్టి పడితే ఎంత దెబ్బ అన్నది తెలుస్తుంది, ఫిజిక్స్ మొదటి పాఠం. ఎప్పుడు పడుతుందన్నది ఎత్తు చెప్పదు. ఏ గాలికో, ఏ వానకో కదలొచ్చు, వందేళ్లు కదలకపోనూ వచ్చు. పైసల లెక్క ఎత్తును చెబుతుంది. సెంటిమెంట్ గాలి. గాలి ఈ పూట ఎటు వీస్తోందో తెలుసు, రేపటిది ఎవరికీ తెలియదు.

ఎత్తు తెలిసినవాడు ఎంతకాలం ఎదురుచూడాల్సి వస్తుందో అమెరికా చూపించింది. 1996 డిసెంబరు 5న అక్కడి కేంద్ర బ్యాంకు అధిపతి అలన్ గ్రీన్‌స్పాన్ షేర్ల ధరల్లో అర్థంలేని ఉత్సాహం కనిపిస్తోందేమో అని ఒక ప్రసంగంలో సందేహపడ్డాడు. అప్పుడు నాస్‌డాక్ సూచీ సుమారు 1,300. ఆయన మాట విని అమ్మినవాడు ఆ తర్వాత మూడేళ్లకు పైగా పక్కింటివాళ్లు ధనవంతులు కావడం చూస్తూ కూర్చున్నాడు. 2000 మార్చికి సూచీ 5,000 దాటింది. 2002 అక్టోబరులో 1,110 దగ్గరికి వచ్చింది, ఆయన మాట్లాడిన రోజుకంటే కిందికి. ఆయన చెప్పింది తప్పని మూడేళ్లు, ఒప్పని రెండేళ్లు.

ఆప్షన్ల మీద నా కోపం ఇక్కడిదే. ఆప్షన్‌కు గడువు ఉంటుంది. నిఫ్టీ పడుతుందని మీరనుకుంటే సరిపోదు, ఈ వారంలోపు పడాలి. ధర ఎక్కువా తక్కువా అన్నది ఏళ్ల మీద తేలే విషయం, గడువు వారంలో ముగిసే వస్తువు. అంటే మనవాళ్లు కొంటున్నది సరిగ్గా "ఎప్పుడు" అనే సరుకును. ఏ లెక్కా, ఏ పుస్తకమూ, ఏ టెలిగ్రామ్ గురువూ చెప్పలేనిది అదొక్కటే. "లేదన్నా, మా సీనియర్ ఒకడు నెలలో లక్ష కొట్టినాడు" అంటారు. సంతోషం. 93 పోను ఏడుగురున్నారు కదా, ఆయన ఆ ఏడుగురిలో ఉండొచ్చు, లేదా ఆ నెల మాత్రమే చెప్పి మిగతా పదకొండు నెలలు చెప్పకపోయి ఉండొచ్చు.

ప్రొద్దుటూరువాళ్లు అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. ఈ గోలంతా ఎందుకు, బంగారం కొంటే పోదా? 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష రూపాయలు తాకింది, కొన్నవాళ్లందరూ తెలివైనవాళ్లయిపోయారు. ఊరికి రెండో ముంబయి అని పేరుంది కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. బంగారం మంచిది కాదని నేను అనను. కానీ దానికి నూటికి ఎన్ని పైసలు అని అడిగితే ఒక్క పైసా లేదు. బీరువాలో పెట్టిన గాజు ఏడాది తర్వాత కూడా అదే గాజు, దానికి పిల్ల గాజు పుట్టదు. కాబట్టి బంగారం ఖరీదా చవకా అని తేల్చే లెక్క లేదు. రేపు ఇంకొకరు ఎక్కువిస్తారా అన్నదొక్కటే ఉంది. ఆ మాటకొస్తే బంగారమే అచ్చమైన సెంటిమెంట్. అంగడి ఆయన్ని చూడండి, ఆయన బతుకుతున్నది రేటు పెరుగుదల మీద కాదు, తరుగు, మజూరీ మీద. రేటు పెరిగినా తరిగినా నగ చేయించుకునేవాళ్లు ఉంటే ఆయనకు లాభమే. షేరు కొనేవాడు కొనాల్సింది ఆ అంగడిలో వాటాను.

నెలకు వెయ్యో రెండు వేలో ఇండెక్స్ ఫండ్‌లో సిప్ కట్టేవాళ్లకు వీటితో పెద్ద పని లేదు. 35 పైసలప్పుడూ కొంటారు, 49 పైసలప్పుడూ కొంటారు, ఇరవై ఏళ్లలో సగటు పడిపోతుంది. మార్కెట్ పడిందని సిప్ ఆపేసేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. టమాటా రేటు తగ్గిందని కూర వండటం మానేసినట్టుంటుంది అది. ఒక్కో షేరు ఏరుకుని కొనాలనే సరదా ఉన్నవాళ్లకే ఈ లెక్క అవసరం.

అలాంటివాళ్లకు ఒక పని. చిలంకూరులోని ఇండియా సిమెంట్స్ ఫ్యాక్టరీ 2024 డిసెంబరు నుంచి అల్ట్రాటెక్ గొడుగు కిందికి వచ్చింది. అల్ట్రాటెక్ వార్షిక నివేదికలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. షేరుకు ఎంత లాభమో పదేళ్లవి ఒక కాగితం మీద రాసుకోండి. సగటు తీయండి. ఇవాళ్టి షేరు ధరను ఆ సగటుతో భాగించి, వచ్చిన అంకెతో 833ను భాగించండి. తర్వాత ఒక్క చివరి ఏడాది లాభంతో అదే లెక్క ఇంకోసారి చేయండి. రెండు జవాబులూ ఎందుకు కలవలేదో అర పేజీలో రాసి క్లబ్‌కు పంపండి. నాకెన్ని పైసలు వచ్చాయో ఇప్పుడే చెప్పను, చెబితే మీరు భాగహారం చేయరు.